ట్రాక్టర్ స్టీరింగ్ వదులైతే: గుర్తింపు, మరమ్మతు

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వరి దమ్ము చేసేటప్పుడు బురద చేరి ట్రాక్టర్ కింగ్ పిన్ బుష్‌లు, టై రాడ్ ఎండ్లు త్వరగా అరుగుతాయి. ఆ స్థితిలో పత్తి, ధాన్యం ట్రాలీ లాగితే రోడ్డుపై బండి అదుపు తప్పే ప్రమాదముంది.

గుర్తించే విధానం:
• ఇంజన్ ఆపి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పుతుండగా మరొకరు జాయింట్లను గమనించాలి. రాడ్డు కదిలినా చక్రం కదలకపోతే వాటి మధ్య జాయింటు అరిగినట్లే.
• ముందు ఇరుసును జాకీతో లేపి, స్టాండుపై నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. హబ్ మాత్రమే ఊగితే బేరింగు, స్పిండిల్ కూడా ఊగితే బుష్ లోపం.
• ఇవన్నీ బాగుంటే స్టీరింగ్ బాక్సును మెకానిక్‌కు చూపించాలి.

మరమ్మతు: అరిగిన ఎండ్లకు వెల్డింగ్ చేయించరాదు. కొత్తవి వేసి, కొత్త స్ప్లిట్ పిన్ను పెట్టి, టో-ఇన్ సరిచూడాలి. దమ్ము రోజుల్లో సాయంత్రం బురద కడిగి, పాత గ్రీజు బయటకు వచ్చేవరకు కొత్త గ్రీజు ఎక్కించాలి.