పాత అచ్చు, కొత్త చేయి

కొత్త ఊహ ఉన్న మాండొలిన్ తయారీదారు పాత తరహా వాద్యాలు చేయాలా అన్న ప్రశ్నకు అవుననో కాదనో తేల్చే ముందు, ఆ పాత తరహా ఎంత పాతదో చూడాలి. నేపుల్స్‌లో వినాచియా కుటుంబం 18వ శతాబ్దంలో తీర్చిదిద్దిన మాండొలిన్‌కు వెనుక భాగం గుండ్రంగా, లోతుగా ఉండేది. నాలుగు జతల తంత్రులు, వయొలిన్ శ్రుతి. అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ ఆ గుండ్రని వీపును వదిలేసి, పై పలకనూ వెనుక పలకనూ చెక్కలోంచి తొలిచి చేసే పద్ధతికి 1898లో పేటెంటు పొందాడు. అతని పేరుతో వెలసిన కంపెనీలో పనిచేసిన లాయిడ్ లోర్ 1922లో ఎఫ్-5 నమూనా తెచ్చాడు. వయొలిన్ మీద ఉండే ఎఫ్ ఆకారపు రంధ్రాలను మాండొలిన్ మీదికి తెచ్చిన వాద్యం అది. అప్పట్లో కొన్నవాళ్లు తక్కువ, లోర్ 1924లోనే కంపెనీ విడిచి వెళ్లాడు. 1923లో తయారైన అలాంటి వాద్యం ఒకటి తర్వాత బిల్ మన్రో చేతికి వచ్చి బ్లూగ్రాస్ సంగీతానికి గొంతు అయ్యాక, అదే నమూనా సంప్రదాయమైపోయింది. ఇవాళ సంప్రదాయ మాండొలిన్ కావాలని అడిగే అమెరికన్ వాద్యకారుడు నిజానికి అడుగుతున్నది ఒకప్పుడు అమ్ముడుపోని కొత్త సరుకును.

మన వీణ కథా ఇంతే. విజయనగర కాలంలో రామామాత్యుడు 1550లో రాసిన స్వరమేళకళానిధిలో ఒకటి కాదు, పలు రకాల వీణలు కనిపిస్తాయి. ఇరవై నాలుగు మెట్లను కదలకుండా బిగించిన వీణ తంజావూరులో రఘునాథ నాయకుడి కాలంలో, అంటే 17వ శతాబ్దపు తొలి దశకాల్లో, రూపుదిద్దుకుందని చెబుతారు. మెట్లు స్థిరపడితే ఏ రాగమైనా ఒకే వీణ మీద పలికించవచ్చు, రాగానికోసారి మెట్లు జరిపే పని ఉండదు. ఈ సౌకర్యం కోసం చేసిన మార్పునే ఇప్పుడు అనాదిగా వస్తున్న రూపమని పూజిస్తున్నాం. పూజలో తప్పు లేదు, పుట్టిన తేదీ మరిచిపోవడంలోనే ఉంది.

మాండొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన ఉప్పలపు శ్రీనివాస్ విషయంలో ఈ చిక్కు స్పష్టంగా కనబడుతుంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆయనకు తండ్రి సత్యనారాయణ దగ్గర వాద్యం పరిచయమైంది. గురువు రుద్రరాజు సుబ్బరాజుది గాత్ర సంప్రదాయం. ఆయన పాడితే శిష్యుడు దాన్ని తంత్రుల మీద పలికించేవాడు. కొలబద్ద గొంతు కాబట్టి వాద్యం దానికి సరిపోవాలి. వయొలిన్‌కు ఈ బాధ రాలేదు. 19వ శతాబ్దంలో మనవాళ్లు దాన్ని తీసుకున్నప్పుడు శ్రుతి మార్చారు, కూర్చునే తీరు మార్చారు, వాద్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు పలికించినదీ పడమటి వయొలినే. మెట్లు లేని వాద్యం, పైగా కమాను లాగినంతసేపూ నాదం నిలుస్తుంది. మాండొలిన్‌లో మీటిన నాదం చప్పున ఆరిపోతుంది. జత తంత్రులను పక్కకు లాగి గమకం పలికించబోతే రెండూ ఒకే శ్రుతిలో నిలవడం కష్టం. అందుకే శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తంత్రులు పెట్టుకున్నారు, మంద్రస్థాయి కోసం ఐదోది చేర్చుకున్నారు, విద్యుత్ పికప్‌తో నాదాన్ని నిలబెట్టారు. ఫెండర్ కంపెనీ 1956లోనే ఒంటి తంత్రుల విద్యుత్ మాండొలిన్ తెచ్చింది కనుక ఆ ఊహ పూర్తిగా కొత్తది కాదు. గమకం కోసం దాన్ని మలచుకోవడం కొత్త. మొదట్లో ఇదేం వాద్యమని ముఖం చిట్లించిన సంగీత లోకమే 2014లో ఆయన పోయినప్పుడు కంటతడి పెట్టింది. ఇప్పుడు ఆ ఐదు తంత్రుల రూపమే శిష్యులకు సంప్రదాయం.

అలాగైతే కొత్తవాడు పాతదాని జోలికి ఎందుకు పోవాలి, అనుకరణలో కాలం వృథా కాదా అని అడగవచ్చు. కాదు. లోర్‌కు వయొలిన్ నిర్మాణం తెలియకపోతే ఎఫ్-5 లేదు. జత తంత్రుల వాద్యం ఎక్కడ మొరాయిస్తుందో తెలియకపోతే ఒంటి తంత్రుల అవసరం తోచదు. పాత వాద్యాన్ని చేత్తో చేసినవాడికే అందులో ఏది నాదానికి మూలమో, ఏది వట్టి అలంకారమో తెలుస్తుంది. రెండో ఆక్షేపణ ఇంతకంటే గట్టిది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తాయి, దానికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. అయినా పెద్ద వీణకు గిరాకీ తగ్గి, బహుమతిగా ఇచ్చే చిన్న వీణ బొమ్మలే చాలామందికి బతుకుతెరువయ్యాయి. పాత అచ్చుకు కట్టుబడితే గతి ఇదేనని దీన్నే చూపుతారు. నాకు దీనిలో తెలిసేది వేరు. బొమ్మలో మిగిలింది ఆకారం మాత్రమే. వీణ కుండ గోడ ఎంత పలచన కావాలో వేలికి తెలియడం, మైనంలో మెట్లు నిలిపి చెవితో మేళం కట్టడం అందులో లేవు. వీణ కొసన చెక్కే యాళి ముఖం దిగింది, నాదం దిగలేదు. సంప్రదాయం చంపలేదు, సంప్రదాయంలో చవకైన సగాన్ని మాత్రం బజారు కొనుక్కుంది.

కాబట్టి నా తీర్పు ఇది. కొత్త ఊహ ఉన్న తయారీదారు పాత తరహా వాద్యం తప్పక చేయాలి, కానీ పాత రూపం కోసం కాదు, పాత నాదం కోసం. చేసినదాన్ని వాద్యకారుడి అవసరానికి తగ్గట్టు మార్చే స్వేచ్ఛ కూడా అతనికి ఉండాలి. ఆ స్వేచ్ఛకు ఖర్చు పెట్టాల్సింది కొనేవాళ్లే. హైదరాబాద్‌లో బేగంపేట, అమీర్‌పేట, పంజగుట్టల్లో పిల్లలకు సంగీతం చెప్పించే తల్లిదండ్రులారా, షోకేసులో పెట్టే వీణ బొమ్మతో ఆగకండి. వాయించే వీణనో మాండొలిన్‌నో తయారీదారుకు చెప్పి చేయించండి, పిల్ల చేతికి ఏది అందడం లేదో ఆయనకు నేరుగా చెప్పండి.