గాలి దారి చరిత్ర: ఫోక్స్‌వాగన్ పాత వ్యానుల ఇంజిను – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

మోటారు వాహనాల చరిత్రలో ఇంజిను శక్తికీ, వాహన ఆకృతికీ దక్కినంత ప్రాధాన్యం ఇంజినులోకి గాలి వెళ్ళే దారికి సాధారణంగా దక్కదు. పాత వ్యానును కొని బాగుచేసుకునేవారికి మాత్రం ఇది తొలినాడే ఎదురయ్యే ప్రశ్న. గాలి ఎక్కువగా వెళ్ళేలా చేస్తే బండి బలం పెరుగుతుందా? జర్మనీలో రూపొందిన ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్ తొలి రెండు తరాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఎంత గాలి అన్నదానికంటే ఎక్కడి గాలి అన్నదే ఆ వ్యాను చరిత్రలో కీలకమైన విషయమని నా అభిప్రాయం.

ఒకే గాలి, రెండు పనులు:

1947 ఏప్రిల్ 23న డచ్ వ్యాపారి బెన్ పాన్ తన నోటుపుస్తకంలో ఒక పెట్టెలాంటి బండి బొమ్మ గీశాడు. డ్రైవరు ముందు, ఇంజిను వెనుక, మధ్యలో సరుకు. 1950 మార్చిలో ఉత్పత్తి మొదలైన వ్యానుకు ఈ బొమ్మే మూలం. అందులో అమర్చిన 1131 సి.సి. ఇంజిను శక్తి 25 హార్స్‌పవర్ మాత్రమే. (తెలుగునాట ‘మెటాడోర్’ అని పిలుచుకున్న వ్యాను పేరుకు మూలమైన జర్మన్ టెంపో మటాడోర్ కూడా 1949లో ఈ ఫోక్స్‌వాగన్ ఇంజినుతోనే మొదలైంది.)

ఈ ఇంజినుకు నీళ్ళు లేవు, రేడియేటరు లేదు. సిలిండర్లను చల్లబరచవలసింది గాలే. పెట్రోలుతో కలిసి మండవలసిందీ గాలే. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. చల్లబరిచే ఫ్యానుకు కావలసిన గాలి దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ రెండు అవసరాలకూ దారి ఒకటే: బండి వెనుక పక్కభాగాల్లో రేకును కోసి వంచిన సన్నని చీలికలు. ముందున్న ఇంజినుకు ఎదురుగాలి సహజంగా తగులుతుంది. ఇక్కడ గాలి బండి పక్కనుంచి జారిపోతూ ఉంటుంది. దాన్ని ఫ్యాను లోపలికి లాగాలి. పైగా ఆ చీలికలకు దగ్గరలోనే వెనుక చక్రం దుమ్ము రేపుతుంది.

దుమ్ముకు నాటి సమాధానం ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్. లోపలికి వచ్చిన గాలి కిందికి దిగి, నూనె ఉపరితలం దగ్గర హఠాత్తుగా పైకి మళ్ళుతుంది. బరువైన దుమ్ము రేణువులు ఆ మలుపు తిరగలేక నూనెలో పడిపోతాయి. మిగిలినవి పైనున్న నూనె తడి జల్లెడలో చిక్కుకుంటాయి. మట్టిరోడ్ల మీద దీనికి పెద్ద సౌలభ్యం ఉంది. కొత్త ఫిల్టరు కొనకుండానే కడిగి, నూనె మార్చి మళ్ళీ వాడుకోవచ్చు. దీన్ని పాతకాలపు మోటు వస్తువుగా చూడడం సరికాదు.

పైకి జరిగిన ద్వారం:

1955లో వెనుక తలుపు అమర్చడంకోసం విశాలమైన ఇంజిను గదిని కుదించారు. అసలైన మార్పు 1967 ఆగస్టులో, రెండవ తరంతో వచ్చింది. గాలి ద్వారాలు నడుము గీతను దాటి, వెనుక కిటికీల పక్కకు, నెలవంక ఆకారంలో పైకి చేరాయి. చక్రాల దుమ్ముకు దూరంగా జరగడమే ఈ మార్పువల్ల కలిగిన ముఖ్య ప్రయోజనంగా భావించవచ్చు. 1971 ఆగస్టునుంచి 66 హార్స్‌పవర్ గల 1.7 లీటర్ల ఇంజినును కూడా అమర్చినప్పుడు ఆ ద్వారాలను పెద్దవి చేశారు. ఇంజిను అవసరం పెరిగాకే ద్వారం పెరిగిందన్న వరుసను ఇక్కడ గమనించాలి.

నేటి మరమ్మతుదారులు చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. పాత క్లీనరును తీసేసి, చిన్న శంఖువు ఆకారపు ఫిల్టరు బిగిస్తారు. చప్పుడు పెరుగుతుంది, దాన్నే బలం అనుకుంటారు. కానీ ఇంజిను చుట్టూ ఉన్న రేకులూ రబ్బరు పట్టీలూ ఆ గదిని పైన చల్లగా, కింద వేడిగా రెండుగా విడదీస్తాయన్న సంగతి మరచిపోతారు. పట్టీ ఎండి పగిలితే సిలిండర్లనూ, పొగగొట్టాలనూ తాకిన వేడిగాలి పైకి తిరిగివస్తుంది. ఫ్యానూ కార్బ్యురేటరూ దాన్నే మళ్ళీ పీలుస్తాయి. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 9 శాతం తగ్గుతుంది. ఏ ఫిల్టరూ ఆ లోటును పూడ్చలేదు. శక్తి తగ్గడం ఒక్కటే కాదు, సిలిండర్లు చల్లబడక ఇంజినే పాడయ్యే ప్రమాదం ఉంది. చలిదేశాల్లో కార్బ్యురేటరులో మంచు పేరుకోకుండా వేడిగాలిని అందించే చిన్న రెక్క ఒకటుంది. అది తెరుచుకుని బిగుసుకుపోయినా కార్బ్యురేటరుకు వేడిగాలే అందుతుంది.

కాబట్టి పాత వ్యానుకు కొత్త ఫిల్టరు కొనేముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. చీకటి పడ్డాక, ఇంజిను ఆపి, ఇంజిను గదిలో విద్యుద్దీపం ఉంచి బండి కిందినుంచి చూడాలి. ఇంజిను అంచుల వెంట వెలుతురు కనబడిన చోటల్లా రేకో, పట్టీయో లోపించినట్టే.