గోరు గీస్తే నిలిచే తోలు

బాన్సువాడ అంగట్లో కొక్కేలకు వేలాడే బెల్టుల్లోంచి ఏదో ఒకటి అందుకుని, కాస్త తడి అద్ది, గోటితో గట్టిగా గీసి చూడండి (దుకాణదారు ఊరుకుంటేనే లెండి). కొన్నింటి మీద గీత అసలు పడదు. అవి పైకి రెగ్జిన్, లోపల తోలు తుక్కుతో ఒత్తిన అట్ట. మరికొన్నింటి మీద పడ్డట్టే పడి మాయమవుతుంది. నూటికో కోటికో ఒకదాని మీద మాత్రం పడ్డ గీత పడ్డట్టే ఉండిపోతుంది. పువ్వులూ తీగలూ చెక్కడానికి పనికొచ్చేది ఆ తోలొక్కటే. అయినవాళ్లకు సొంతంగా ఓ బెల్టు చెక్కి ఇద్దామని ముచ్చటపడేవాళ్లు ఉలీ సుత్తీ కొనేముందు ఈ తోలును వెతుక్కోవాలి. వెతకబోతే ఆ దారి మన పల్లెల బయటి వాడల మీదుగా, మన గట్ల మీది తంగేడు పొదల మీదుగా పోతుంది.

పచ్చి తోలు కుళ్లకుండా పదును చేయడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. చెట్టు బెరడు నానిన నీళ్లలో వారాల తరబడి ఊరబెట్టడం పాతది. క్రోమియం లవణాలతో ఒకట్రెండు రోజుల్లో కానిచ్చేయడం కొత్తది. క్రోమ్ తోలు మెత్తగా, సాగుతూ ఉంటుంది. నీళ్లకు జంకదు. ఒత్తి వదిలితే మళ్లీ పైకి లేస్తుంది. బెరడు తోలు అలా కాదు. తడిస్తే బంకమట్టిలా మాట వింటుంది, ఆరాక ఆ రూపంలోనే బిగుసుకుంటుంది. స్పెయిన్‌లోని కార్డోబా నగరం అరబ్బు పాలనలో చిత్రతోలుకు పేరుపడ్డా, ఆ పనితనం స్పానిష్ వాళ్ల వెంట మెక్సికో చేరినా, అక్కణ్నుంచి అమెరికా కౌబాయ్‌ల జీనుల మీదికీ బెల్టుల మీదికీ ఎక్కినా, అన్ని చోట్లా ఆధారం బెరడు తోలే. వయోమింగ్ రాష్ట్రంలోని షెరిడాన్ ఊరి పేరుతో ఇప్పుడు ప్రపంచమంతా నేర్చుకుంటున్న పూలతీగల శైలి ఇరవయ్యో శతాబ్దం నడుమ డాన్ కింగ్ అనే జీనుల పనివాడి చేతిలో స్థిరపడింది.

తెలంగాణ పల్లెల్లో బెరడు తోలు విద్య మాదిగలది. వాడలో లంద, అంటే తోళ్లు ఊరబెట్టే తొట్టి, ఉండేది. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి, సున్నపు నీళ్లలో నానేసి, వెంట్రుకలు రాలేదాకా చూసి, లోపలి కండ గీకి, సున్నం పోయేదాకా కడిగేవారు. ఆ తర్వాత తంగేడు చెక్కో తుమ్మ చెక్కో దంచి నానేసిన నీళ్లలో ఊరబెట్టాలి. మొదట పలచటి నీళ్లు, ఆపైన చిక్కటివి. ముందే చిక్కటి నీళ్లలో వేస్తే పైపొర బిగుసుకుని లోపలికి రసం దిగదు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, దాన్నిండా చెక్క నీళ్లు పోసి వేలాడదీసేవారు. చివర్లో కరక్కాయ, ఆ తర్వాత నూనె. ఏ ఎండకు ఎన్నాళ్లు, ఏ ఈడు గొడ్డుకు ఎంత చెక్క అన్నది లెక్క రాసుకుని చేసిన పని కాదు. చేతికీ ముక్కుకూ తెలిసిన రసాయనశాస్త్రం అది. ఊరు ఆ వాసనకు ముక్కు మూసుకుంది కానీ, ఆ తోలు లేకుండా ఒక్క పూట గడుపుకోలేకపోయింది.

మోట లేందే మడి తడవదు, మోటకు తోలు బొక్కెన లేందే నీళ్లు రావు. కిర్రు చెప్పులు, పలుపులు, ఎద్దుల మెడపట్టెడలు, డప్పు అన్నీ ఆ వాడనుంచే. దీనికి బదులు కల్లం కాడ కొలిచే ఇన్ని గింజలు. దొరల గడీలకైతే అదీ లేదు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం గురించి రాసిన పుస్తకంలో వెట్టి కింద నలిగిన కులాల వివరం ఉంది. దొరలకు చెప్పులు, సేద్యానికి కావాల్సిన తోలు సామాను మాదిగలు ఊరికే ఇచ్చుకోవాల్సి వచ్చేది. చేతి పనికి పేరు రాకపోవడం ఒకటి, కూలి కూడా రాకపోవడం ఇంకొకటి. నిజాం రాజ్యంలో ఆ రెండూ ఒకరికే జరిగాయి.

బ్రిటిష్ వాళ్ల మద్రాసు రాజధానిలో ఇదే తంగేడు తోలు సముద్రాలు దాటింది. ‘ఈస్ట్ ఇండియా కిప్స్’ పేరుతో లండన్ వేలాల్లో అమ్ముడుపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగానికి వాడింది ఎక్కువగా దీన్నే. లాభం దళారులదీ ఎగుమతి కొట్లవాళ్లదీ అయింది, పని మటుకు పాత చేతులదే. 1904లో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు మద్రాసు రాజధాని తోలు పనుల మీద ఓ పెద్ద నివేదిక ప్రచురించాడు. మన దేశంలో క్రోమ్ పద్ధతికి గట్టి పునాది వేసిందీ ఆయనే. ఆయన తొలి గురి బూట్లు కాదు, మోట బొక్కెనలు! నీళ్లలో నానినా చెడని బొక్కెన దొరికితే రైతుకు మేలని ఆలోచన. 1912లో మద్రాసు శివార్లలో మొదలైన క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే ఆ చోటుకు క్రోంపేట అనే పేరు వచ్చింది.

బాన్సువాడ వైపు మోటను వెనక్కి నెట్టింది మాత్రం క్రోమ్ కాదు, నీళ్లే. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీటిని కాలువల్లోకి మళ్లించింది. కాలువ పారిన చోట బావి మోట మూలన పడింది, పారని చోట ఆయిల్ ఇంజన్లూ కరెంటు మోటర్లూ వచ్చేదాకా కిర్రుమంటూనే ఉంది. ఈ ప్రాంతపు వరి వైభవం గురించి చెప్పేవాళ్లు ఆ ప్రాజెక్టు కట్టిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్‌ను తలుస్తారు, తలవాల్సిందే. అదే కాలువ తోలు పనివాడి బేరం ఎలా తగ్గించిందో మాత్రం ఎవరూ ఎత్తరు.

తోలు శాస్త్రంలో పెద్ద పేరు మళ్లీ తెలుగువాడిదే కావడం విశేషం. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరై దాన్ని ప్రపంచపటం మీద నిలబెట్టాడు. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేలుడులో పోయాడు.

ఇంతకీ ఈ తోలంతా మన నడుములకు ఎందుకు ఎక్కలేదు? ధోవతికి బెల్టుతో పనిలేదు, మొలతాడు చాలు. బెల్టంటే అధికారం. కచేరీ బంట్రోతు ఒంటిమీద డవాలు, దానిమీద మెరిసే ఇత్తడి బిళ్ళ చూస్తే ఊరి గుండె ఝల్లుమనేది. పైమెట్టున నిజాం ఉన్నాడు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలిచ్చి కొన్న 173 నిజాం నగల్లో వజ్రాలు పొదిగిన నడుంపట్టీలు, బగ్లూసులు ఉన్నాయి. మామూలు రైతు తన తోలు సింగారమంతా ఎద్దుకు చేశాడు. పొలాల అమావాస్య నాడు గజ్జెలూ గవ్వలూ కుట్టిన పట్టెడ మెడలో వేసి ఊరేగించాడు. నా దృష్టిలో మన చిత్రతోలు పనిలో అందరికంటే ముందు నగ పెట్టుకున్నది బసవన్నే.

అయినవాడి నడుముకు పేరు చెక్కి ఇవ్వడమన్నది ప్యాంట్ల కాలపు ముచ్చట. మా మేనల్లుడి కోసం నేనూ అందులో దిగాను. కొలత నడుముకు తీయకూడదు. వాడు రోజూ పెట్టుకునే బెల్టు తీసుకుని, బకిల్ దగ్గరి మడత నుంచి వాడుతున్న రంధ్రం దాకా కొలవాలి. పట్టీని వెన్ను పక్క నుంచే కోయాలి, పొట్ట భాగం సాగిపోతుంది. ఒకటిన్నర అంగుళం వెడల్పు, మూడున్నర మిల్లీమీటర్ల మందం. చెక్కేముందు తడిపి, పైరంగు మళ్లీ మామూలుగా మారేదాకా ఆగాలి. వేలితో తాకితే చల్లగా తగలాలి, చెమ్మ అంటకూడదు. ఆ అదను దాటితే కత్తి పీకుతుంది.

కత్తి కూడా చిత్రమైనదే. పిడి మీద చూపుడువేలు ఆనించి, బొటనవేలు నడివేలు మధ్య తిప్పుతూ లాగితే వంపులు తిరుగుతుంది. మందంలో మూడో వంతు దాకా మాత్రమే దిగాలి. ఆ కోత వెంట బయటి వైపున ఏటవాలు మొన ఉన్న అచ్చు పెట్టి కర్ర సుత్తితో తడుతూ పోతే నేల కిందికి దిగి పువ్వు పైకి లేస్తుంది. నేను ఎంచుకున్నది తంగేడు పువ్వు. అయిదు రేకులు, ఎదురెదురుగా జంట ఆకులు. పొడుగాటి పట్టీ మీద తీగలా సాగడానికి ఇంతకన్నా వాటమైనది లేదు. పేరు సరిగ్గా వీపు వైపు, బకిల్‌కు ఎదురుగా పడాలి. తెలుగు అక్షరాల గుండ్రదనం ఈ కత్తికి పండగే కానీ, ఒకటిన్నర అంగుళంలో పైన తలకట్టు, కింద ఒత్తు రెండూ ఇరికించడం గండమే. వాడి పేరులో ఒత్తు లేదు కాబట్టి బతికిపోయాను.

అంచుకు మాత్రం చుక్కల వరస పెట్టాను. ఆ ఊహ నిమ్మలకుంటది. ధర్మవరం దగ్గరి ఆ ఊరి బొమ్మలాట కుటుంబాలది ఇంకో దారి. వాళ్లు మేకతోలును పదును చేయరు, వెలుతురు దూరేలా పలచగా గీకి ఆరబెడతారు. దానిమీద చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. రావణుడి నడికట్టులో ఒక్క రాయీ ఉండదు, ఉన్నవన్నీ చిల్లులే. తెర వెనక దీపం వెలగగానే అవే రత్నాలు. వాళ్లలో ఒకరైన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చాక ఆ ఊరి పేరు పేపర్లలో బాగానే నానింది. అంతకుముందే తెరలు తగ్గి, దీపపు గొట్టాలూ గోడబొమ్మలూ వాళ్ల బతుకుతెరువయ్యాయి.

ఇక అసలు చిక్కు. ఈ పట్టీకి కావాల్సిన తోలు బాన్సువాడలో దొరకలేదు, తమిళనాడు నుంచి తెప్పించాల్సి వచ్చింది. ఈరోడ్, దిండిగల్, తిరుచ్చి వైపు ఇంకా బెరడు పద్ధతి నడుస్తోంది. అక్కడ కూడా తంగేడు ఎప్పుడో వెనకబడింది, ఎక్కువగా వాడేది దిగుమతి చేసుకున్న వాటిల్ అనే చెట్టు చెక్క. బతుకమ్మ మీద కూర్చున్న మన రాష్ట్ర పుష్పం ఒకప్పుడు బూటు తోలుకు ప్రాణం పోసిందంటే, పూలు కోసుకొచ్చే పిల్లలు నవ్వుతున్నారు.

రంగు పట్టించి, అంచులు తడిపి నున్నగా రుద్ది, నూనె పూసి ఆరబెట్టాను. బకిల్ ఇత్తడిది. రంధ్రాలు అంగుళం ఎడంలో అయిదు, నడిమిది వాడి కొలత. మొన్న దసరాకు వచ్చినప్పుడు పెట్టి చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, పొట్ట తడుముకుంటూ అన్నాడు:

“మంచిగుంది మామా. గని ఇంకో రెండు రంధ్రాలు ఆ చివర్ల కొట్టు. పెండ్లైనంక పనికొస్తయి.”