మత్తిగిరి గుర్రాలు, మన ఉలవలు



"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని మన సామెత. పని చేయకుండా తినేవాళ్ళను ఎగతాళి చేయడానికి దీన్ని వాడేస్తాం గానీ, ఇందులో ఒక లెక్క ఉంది. గుర్రాన్ని కొనేది ఒక్కసారే, మేపేది రోజూ. ఆ మేపడం సరిగా తెలియక రాజులు బంగారం కుమ్మరించి కొన్న గుర్రాలను ఏడాది తిరగకుండానే పోగొట్టుకున్నారు. ఈ కథలో మన హోసూరు సీమకూ చోటుంది.

జవళగిరి వాళ్ళం హోసూరుకు పోయినప్పుడల్లా మత్తిగిరి పక్క పశువుల ఫారం చూస్తూనే ఉంటాం. 1600 ఎకరాలకు పైగా ఉన్న ఆ ఫారం 1824లో మొదలైంది. మొదట్లో అది ఆవుల కోసం పెట్టింది కాదు, మద్రాసు సైన్యం గుర్రాల కోసం పెట్టింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మన బాలాఘాట్ కంపెనీ చేతికి వచ్చింది. బెంగళూరులో దండు వెలిసింది. దండుకు 40 కిలోమీటర్ల దూరం, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, చల్లని గాలి, విశాలమైన గడ్డి బీళ్ళు. కొత్త గుర్రాలను తెచ్చి, అలవాటు చేసి, పటాలాలకు పంపడానికి ఇంతకంటే అనువైన చోటు మద్రాసు రాజధానిలో దొరకడం కష్టం. దీన్నే 'రిమౌంట్ డిపో' అనేవారు.

అంతకు ముందు సంగతి చూద్దాం. దక్షిణాదిన మంచి గుర్రాలు పుట్టవు అనే మాట చాలా పాతది. అరేబియా నుంచి, హొర్ముజ్ నుంచి ఓడల్లో రావలసిందే. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం మనకు తెలుసు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు అన్నీ పాత రాజులు లాక్కునేవారు, ఇకపై అలా జరగదు అని అభయమిచ్చాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, రేవులను బాగుచేసి గుర్రాలను రప్పించుకోవాలనీ, అవి శత్రువుల చేతికి పోకుండా వర్తకులను ఆదరించాలనీ రాశాడు. గుర్రం అంటే ఆనాడు ఈనాటి ఆయుధాల కొనుగోలు లాంటిది.

మరి కొన్న గుర్రాలు ఏమయ్యేవి? 13వ శతాబ్దం చివర పాండ్యుల తీరానికి వచ్చిన మార్కోపోలో, అక్కడి రాజు ఏటా 2000కు పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది చివరికి నూరు కూడా మిగలవనీ రాశాడు. గుర్రాన్ని చూసుకోవడం వీళ్ళకు చేతకాదు, ఉడికించిన మాంసం అన్నంలో కలిపి పెడతారు అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: గుర్రపు వైద్యులను వర్తకులే రానివ్వరట, చచ్చేకొద్దీ మళ్ళీ అమ్ముకోవచ్చు కదా! దాదాపు అదే కాలంలో పారశీక చరిత్రకారుడు వస్సాఫ్, పచ్చి బార్లీకి బదులు వేయించిన బార్లీ, వెన్న కలిపిన ధాన్యం, కాచిన ఆవుపాలు ఇస్తున్నారని ఆశ్చర్యపోయాడు. 1470ల్లో బహమనీ రాజ్యంలో తిరిగిన రష్యా వర్తకుడు నికితిన్, శనగలతో పాటు చక్కెర, నూనె వేసి వండిన కిచిడీ గుర్రాలకు పెడతారని రాశాడు.

ఇదంతా విదేశీయుల కట్టుకథ అనుకోనక్కరలేదు. మన అర్థశాస్త్రంలోనే మేలుజాతి గుర్రానికి రెండు ద్రోణాల ధాన్యం, లేదా ఉడికించిన పెసలో మినుములో, వాటితో నూనె, ఉప్పు, మాంసం, పెరుగు అని పట్టిక ఉంది. తెలుగులో మనుమంచి భట్టు ఏకంగా గుర్రాల మీదే హయలక్షణవిలాసం రాశాడు. శాస్త్రం లేక కాదు. మా ఉద్దేశంలో జరిగిన పొరపాటు ఏమంటే, విలువైన జంతువు కదా అని గుర్రాన్ని ఇంటికొచ్చిన కొత్తల్లుడిలా మేపారు. సముద్ర ప్రయాణం, ఉక్క, రోగాలు కూడా చంపి ఉంటాయి, అన్నం ఒక్కటే కాదు. కానీ గుర్రం కడుపు ఎలా పనిచేస్తుందో చూస్తే మార్కోపోలో మాట తీసిపారేయలేం.

గుర్రం ఒళ్ళు పెద్దది, జీర్ణకోశం చిన్నది, 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. ఆవులా నెమరు వేయదు. ఎక్కువ తింటే కక్కుకోలేదు కూడా. అందుకే దేవుడు దానికి రోజులో పదహారు గంటల దాకా కొద్దికొద్దిగా గడ్డి కొరుకుతూ ఉండే అలవాటు ఇచ్చాడు. ఆ పీచు అరిగేది వెనక ఉన్న పెద్దపేగులో, అక్కడి సూక్ష్మజీవుల వల్ల. ఒక్కసారిగా అన్నమో ధాన్యమో ఎక్కువ పడితే చిన్నపేగులో అరగని పిండి అక్కడికి చేరి పులుస్తుంది, ఆమ్లం పుడుతుంది, మంచి సూక్ష్మజీవులు చస్తాయి. కడుపుశూల వస్తుంది. లేదా ఆ విషం గిట్టల దాకా పాకి లోపల వాచి గుర్రం నిలబడలేదు. నిలబడలేని గుర్రం ఎవరికి కావాలి?

ఇక మన ఉలవల దగ్గరికి వద్దాం. ఇంగ్లీషువాళ్ళ 'గ్రామ్' అనే మాట పోర్చుగీసు నుంచి వచ్చింది, గింజ అని అర్థం. ఉత్తరాదిన గ్రామ్ అంటే శనగలు, మద్రాసు వైపు గుర్రాలకు పెట్టేది ఉలవలు కాబట్టి దానికి 'హార్స్ గ్రామ్' అని పేరు నిలిచిపోయింది. మన సీమలో ఒకే సంతలో ఉలవలు, హురుళి, కొళ్ళు అని మూడు భాషల్లో అడుగుతారు, గింజ మాత్రం ఒకటే. రాగి పండని రాళ్ళ నేలలో కూడా నాలుగు వానలకే పండుతుంది. నూటికి 22 పాళ్ళ దాకా మాంసకృత్తులు ఉన్న గింజ. కానీ పచ్చిగా పెడితే అరుగుదలను అడ్డుకునే గుణం ఉంది, ఉడికిస్తే అది తగ్గుతుంది. అందుకే ఉడికించి, చల్లార్చి పెట్టడం ఇక్కడి పద్ధతి అయింది. ఎద్దులకు ఉడికించిన ఉలవల నీళ్ళే మనుషుల ఉలవచారు అయిందని కూడా అంటారు.

ఆనాడు మద్రాసు వైపు గుర్రానికి ఒక సాయీసు, గడ్డి కోసే మనిషి ఒకరు ఉండేవారు. గడ్డి మనిషి చాలాచోట్ల ఆడమనిషే, తరచు సాయీసు భార్యే. గరికను వేళ్ళతో సహా గీరి, మట్టి దులిపి, కడిగి తెచ్చేది. ఆ కడగడం చాదస్తం కాదు. ఇసుక పేగుల్లో పేరుకుంటే అదీ శూలే. దొరల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, ఆ గడ్డి కడిగిన చేతుల పేర్లు ఎక్కడా లేవు. మాకు ఇదే ఎక్కువ బాధ.

ఈనాటి పశువైద్యులు చెప్పేదీ ఆమె పనికి దగ్గరే. గుర్రం బరువులో నూటికి కనీసం ఒకటిన్నర వంతు ఎండుమేత రోజూ పడాలి. 350 కిలోల గుర్రానికి ఐదు కిలోలకు పైనే. దాణా దాని తర్వాతే, అదీ రెండు మూడు పూటలుగా. మేత మార్చాలంటే వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. బరువు సరిగా ఉందో లేదో చూడడానికి తక్కెడ అక్కరలేదు, పక్కటెముకలు కంటికి కనబడకూడదు, చెయ్యి పెడితే మాత్రం తగలాలి.

ఇప్పుడు జట్కాలు పోయాయి. మన పిల్లలు గుర్రాన్ని చూసేది పెళ్ళి ఊరేగింపులోనే. బ్యాండు మోతలో నిలబడ్డ ఆ బక్క గుర్రానికి ముచ్చటపడి లడ్లు, పులిహోర, మిగిలిన అన్నం తినిపిస్తాం, వీడియో కూడా తీస్తాం. ఏడు వందల ఏళ్ళ కిందట మార్కోపోలో చూసిందీ ఇలాంటిదే. వచ్చే నెల మన సంఘంలో రెండు పెళ్ళిళ్ళున్నాయి. గుర్రాన్ని మాట్లాడే వాళ్ళు ఒక మోపు గడ్డి, ఒక బక్కెట్టు మంచినీళ్ళు కూడా మాట్లాడండి. మండపంలో వడ్డించే కుర్రవాళ్ళకు గుర్రం దగ్గరికి విస్తళ్ళు తీసుకుపోవద్దని ముందే చెప్పండి.