సెయింట్ ఆండ్రూస్: అద్దె గది నుంచి చెత్త డబ్బా దాకా.. ఏ పని ఎవరిది?

స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఫైఫ్ ప్రాంతంలో ఉన్న చిన్న పట్టణం సెయింట్ ఆండ్రూస్. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉండేది సుమారు 17 వేల మంది. 1413లో మొదలైన విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా పాతది ఇదే. దాదాపు 10 వేల మంది విద్యార్థులు చదువుతారు. గోల్ఫ్ అభిమానులకైతే ఇది పుణ్యక్షేత్రం లాంటిది. ఏడాది పొడవునా పర్యాటకులు వస్తూనే ఉంటారు.

ఊరు చిన్నది, వచ్చేవాళ్లు ఎక్కువ. ఇళ్లు దొరకవు, అద్దెలు ఎక్కువ, రైల్వే స్టేషన్ లేదు. వీటిలో ఏ ఒక్కదాన్నీ ఊళ్లోనే తేల్చుకునే అధికారం మాత్రం ఊరికి లేదు. ఇక్కడ ఉండేవారికీ, చదువు కోసం స్కాట్లాండ్ వెళ్లే తెలుగు విద్యార్థులకూ ముందుగా తెలియాల్సింది ఇదే: ఏ సమస్యకు ఎవరిని అడగాలి?

ఊరికి సొంత మున్సిపాలిటీ ఉందా?

ఒకప్పుడు ఉండేది. 1975లో స్కాట్లాండ్ అంతటా పట్టణ కౌన్సిళ్లను రద్దు చేశారు. 1996 నుంచి దేశం మొత్తాన్ని 32 కౌన్సిళ్లుగా విభజించారు. సెయింట్ ఆండ్రూస్ బాధ్యత ఫైఫ్ కౌన్సిల్‌ది. దాని ప్రధాన కార్యాలయం మరో పట్టణమైన గ్లెన్‌రోథెస్‌లో ఉంది. చెత్త సేకరణ, స్థానిక రోడ్లు, పార్కింగ్, బడులు, లైబ్రరీలు, ఇళ్ల నిర్మాణ అనుమతులు, అద్దె ఇళ్ల లైసెన్సులు.. ఇవన్నీ ఫైఫ్ కౌన్సిల్ చూస్తుంది. మొత్తం 75 మంది కౌన్సిలర్లలో సెయింట్ ఆండ్రూస్ వార్డుకు నలుగురు ఉంటారు.

ఊళ్లో 'కమ్యూనిటీ కౌన్సిల్' అని మరొకటి ఉంటుంది. పేరు చూసి పొరబడొద్దు. ఇందులో ఉండేది జీతం తీసుకోని స్థానికులు. పన్ను వేసే అధికారం గానీ, లైసెన్సు ఇచ్చే అధికారం గానీ దీనికి లేదు. అయితే నిర్మాణ దరఖాస్తులపై అభిప్రాయం చెప్పే హక్కు చట్టప్రకారం ఉంది. సమావేశాలకు ఎవరైనా వెళ్లొచ్చు. పది మందికీ ఉన్న ఇబ్బందిని కౌన్సిలర్ల చెవిన వేయడానికి ఇది మంచి చోటు.

నీళ్లు, మురుగునీటి పైపుల బాధ్యత ప్రభుత్వ సంస్థ 'స్కాటిష్ వాటర్'ది. ఆసుపత్రులు, డాక్టర్ల సేవలు ఎన్‌హెచ్‌ఎస్ ఫైఫ్ కిందికి వస్తాయి.

ఇళ్ల గొడవ ఏంటి?

వేర్వేరు కుటుంబాలకు చెందిన ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఒకే ఇంట్లో వంటగది, బాత్‌రూమ్ పంచుకుంటూ ఉంటే, ఆ ఇంటిని 'హెచ్‌ఎంఓ' అంటారు. స్కాట్లాండ్‌లో ఇలాంటి ఇంటిని అద్దెకివ్వాలంటే యజమాని కౌన్సిల్ నుంచి లైసెన్సు తీసుకోవాలి. అగ్నిప్రమాద జాగ్రత్తలు, గదుల కొలతలు వంటివి చూసి లైసెన్సు ఇస్తారు. లైసెన్సు లేకుండా నడిపితే 50 వేల పౌండ్ల వరకు జరిమానా పడొచ్చు.

సెయింట్ ఆండ్రూస్‌లో ఇలాంటి ఇళ్ల సంఖ్య ఇక పెరగకూడదని 2019లో ఫైఫ్ కౌన్సిల్ నిర్ణయించింది. ఇళ్లన్నీ విద్యార్థుల అద్దెకు పోతే పిల్లలున్న కుటుంబాలకు, ఊళ్లో పనిచేసేవారికి చోటుండదన్నది దీన్ని సమర్థించేవారి మాట. ఇళ్లపై పరిమితి పెట్టి విద్యార్థుల సంఖ్యను అలాగే వదిలేస్తే అద్దెలు పెరగక ఏమవుతాయన్నది విద్యార్థుల వాదన. గది దొరక్క టే నది అవతలి డండీలో ఉంటూ రోజూ బస్సులో వచ్చి వెళ్లేవారూ ఉన్నారు.

పర్యాటకుల వల్ల ఇంకో ఒత్తిడి ఉంది. ఇళ్లను రోజుల లెక్కన అద్దెకిస్తే ఆదాయం ఎక్కువ. అందుకే స్కాట్లాండ్ ప్రభుత్వం ఇలాంటి స్వల్పకాలిక అద్దెలకూ లైసెన్సు తప్పనిసరి చేసింది. అప్పటికే నడుపుతున్నవారు దరఖాస్తు చేసుకోవడానికి ఇచ్చిన గడువు 2023 అక్టోబరు 1తో ముగిసింది. 2024 ఏప్రిల్ నుంచి, రెండో ఇల్లు ఉన్నవారిపై రెట్టింపు వరకు కౌన్సిల్ ట్యాక్స్ వేసే వెసులుబాటు కూడా కౌన్సిళ్లకు వచ్చింది.

అద్దెకు దిగేముందు ఏం చూసుకోవాలి?

• యజమాని పేరు స్కాట్లాండ్ ల్యాండ్‌లార్డ్ రిజిస్టర్‌లో ఉందా? ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు.
• ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి ఉంటుంటే ఆ ఇంటికి హెచ్‌ఎంఓ లైసెన్సు ఉందా? ఎంతమందికి ఉంది? కౌన్సిల్‌ను అడిగితే చెబుతారు.
• డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించకూడదు. అద్దె, డిపాజిట్ తప్ప 'అడ్మిన్ ఫీజు' లాంటివి అడగడం చట్టవిరుద్ధం.
• డిపాజిట్ సొమ్మును యజమాని తన దగ్గర ఉంచుకోకూడదు. అద్దె మొదలైన 30 పనిదినాల్లో, ప్రభుత్వం ఆమోదించిన డిపాజిట్ పథకంలో జమ చేయాలి. చేయకపోతే ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు. డిపాజిట్‌కు మూడు రెట్ల వరకు చెల్లించమని అది ఆదేశించగలదు. దరఖాస్తుకు ఫీజు లేదు.
• 2017 డిసెంబరు తర్వాత కుదిరిన ప్రైవేటు అద్దె ఒప్పందాలకు ముగింపు తేదీ ఉండదు. ఖాళీ చేయాలనుకుంటే అద్దెదారు సాధారణంగా 28 రోజుల నోటీసు ఇవ్వాలి. యూనివర్సిటీ హాస్టళ్లకు ఈ నిబంధన వర్తించదు.

విద్యార్థులు కౌన్సిల్ ట్యాక్స్ కట్టాలా?

ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కట్టక్కర్లేదు. కానీ మినహాయింపు కోసం దరఖాస్తు చేసుకోవాలి. విద్యార్థి కాని ఒక పెద్దవారు ఉంటే బిల్లు వస్తుంది, 25 శాతం తగ్గింపుతో.

రైలు ఎందుకు లేదు?

సెయింట్ ఆండ్రూస్ స్టేషన్‌ను 1969లో మూసేశారు. ఇప్పుడు దగ్గరి స్టేషన్ సుమారు 8 కిలోమీటర్ల దూరంలోని లూకర్స్. అక్కడి నుంచి బస్సో, ట్యాక్సీనో ఎక్కాలి. రైలు మళ్లీ కావాలని స్థానికులు ఏళ్లుగా అడుగుతున్నారు. రైల్వే మార్గాల నిర్ణయం ఫైఫ్ కౌన్సిల్ చేతిలో లేదు. స్కాట్లాండ్ ప్రభుత్వమే తేల్చాలి. అదే ఫైఫ్‌లోని మరో తీర పట్టణం లెవెన్‌కు కూడా 1969లోనే రైలు ఆగిపోయింది. దీర్ఘకాల ఉద్యమం తర్వాత 2024 జూన్‌లో మళ్లీ మొదలైంది. సెయింట్ ఆండ్రూస్ వాసుల ఆశకు కారణం ఇదే.

అప్పటిదాకా బస్సే దిక్కు. స్కాట్లాండ్‌లో నివసించే 22 ఏళ్ల లోపు వారికి, 60 దాటినవారికి బస్సు ప్రయాణం ఉచితం. కార్డుకు దరఖాస్తు చేసుకోవాలి.

గోల్ఫ్ మైదానం, తీరం ఎవరివి?

ప్రపంచ ప్రసిద్ధి చెందిన ఓల్డ్ కోర్స్ ప్రైవేటు క్లబ్బుది అనుకుంటారు చాలామంది. ఆ భూమి ప్రజలది. 1974 నాటి చట్టం కింద ఏర్పడిన లింక్స్ ట్రస్ట్ దాన్ని నిర్వహిస్తుంది. సాధారణంగా ఆదివారాల్లో ఆట ఉండదు. ఊరివాళ్లు అక్కడ షికారుకు వెళ్తారు. సముద్ర స్నానానికి నీళ్లు పనికొస్తాయో లేదో పరీక్షించేది పర్యావరణ సంస్థ 'సెపా'. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఈ పరీక్షలు జరుగుతాయి.

ఫిర్యాదు చేసినా పట్టించుకోకపోతే?

ముందు కౌన్సిల్‌కే రాయాలి. మొదటి దశలో 5 పనిదినాల్లో జవాబు రావాలి. తృప్తి లేకపోతే రెండో దశకు వెళ్లొచ్చు, దానికి గడువు 20 పనిదినాలు. అప్పటికీ తేలకపోతే స్కాట్లాండ్ పబ్లిక్ సర్వీసెస్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సమస్య తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి. ఖర్చేమీ ఉండదు. ఫిర్యాదు నంబరు, తేదీలు, ఫొటోలు దాచుకోండి.

మన వాళ్లకు ఓటు ఉందా?

ఉంది. చాలామందికి తెలియని విషయం ఇది. స్కాట్లాండ్‌లో చట్టబద్ధంగా ఉంటున్న విదేశీయులు 16 ఏళ్లు నిండితే కౌన్సిల్ ఎన్నికల్లోనూ, స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు వేయొచ్చు. స్టూడెంట్ వీసాపై ఉన్న భారతీయులకూ ఇది వర్తిస్తుంది. ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకోవాలి. కౌన్సిల్ ఎన్నికలు అయిదేళ్లకోసారి జరుగుతాయి. 2022 మే తర్వాత ఎన్నికలు 2027 మేలో. హెచ్‌ఎంఓ ఇళ్ల సంఖ్యపై పరిమితి ఉండాలా వద్దా అన్నది తేల్చేది ఆ కౌన్సిలర్లే.