కెమెరా కిటికీ కథ - గాజుపలక నుంచి డిజిటల్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక వస్తువు చరిత్ర వ్రాయమని సంపాదకవర్గం వారు కోరారు. ముప్ఫయ్యేళ్లకు పైగా ఉన్నత పాఠశాల పిల్లలకు కాంతి పాఠం చెప్పినవాణ్ణి కనుక కెమెరాను ఎంచుకున్నాను. కెమెరా కొనేవారు మెగాపిక్సెళ్లు ఎన్ని అని అడుగుతారు, జూమ్ ఎంత అని అడుగుతారు. కన్ను ఆనించి చూసే కిటికీ సంగతి మాత్రం ఎవరూ అడగరు. దానినే వ్యూఫైండర్ అంటారు. శుక్లాల ఆపరేషన్లు అయి, కళ్లజోళ్లు పెట్టుకున్న మన వయసువారికి అసలు ముఖ్యమైనది అదే.

నల్లగుడ్డ కాలం

పాతకాలపు స్టూడియోలో కొయ్య కెమెరా వెనుక ఫొటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకోవడం మనలో చాలామంది చూసినదే. 1940లలో కేరళలోని అలప్పుళలో తయారీ మొదలైన వాగీశ్వరి కెమెరాలు ఈ కోవలోవే. గుడ్డ కింద గరుకు గాజుపలక మీద బొమ్మ తలకిందులుగా కనిపించేది. దానిని చూసే ఫోకస్ సరిచేసేవారు. ఆ తర్వాత పలక స్థానంలో ప్లేటు పెట్టేసరికి ఇక కనిపించేది ఏమీ ఉండదు. అందుకే "కదలకండి" అన్న కేక!

రోలీఫ్లెక్స్ 1929లో వచ్చింది. అందులో రెండు కటకాలు ఉంటాయి. ఒకటి చూడడానికి, రెండవది ఫొటో తీయడానికి. యాషికా వారి ఇటువంటి కెమెరాలు మన పెళ్లి ఫొటోగ్రాఫర్ల మెడల్లో ఎంతో కాలం వేలాడాయి. బొమ్మ నిటారుగానే కనిపించేది కాని కుడి ఎడమలు తారుమారయ్యేవి. మాడవీథిలో వాహనం కుడికి సాగితే కెమెరాలో ఎడమకు సాగేది. దానితో పాటు కెమెరాను తిప్పడానికి చేతికి ప్రత్యేకమైన అలవాటు కావాలి.

సామాన్యునికి దక్కినది ఆగ్ఫా క్లిక్ త్రీ. 120 ఫిల్ముకు 12 ఫొటోలు. నేను పిల్లలను చంద్రగిరి కోటకు విహారయాత్రకు తీసుకువెళ్లినప్పుడు ఇదే నా వెంట ఉండేది. దీని కిటికీ కటకానికి పైన విడిగా ఉంటుంది. దూరపు కోట చక్కగానే వచ్చేది. దగ్గర నిలబడ్డ మనిషి విషయంలో మాత్రం కిటికీ చూసినది వేరు, కటకం చూసినది వేరు. ఆ రోజుల ఆల్బములలో నెత్తి తెగిన బంధువులు కనిపించడానికి కారణం ఇదే.

అయిదు ముఖాల గాజు

ఈ చిక్కు తీరాలంటే ఫొటో తీసే కటకంలోంచే చూడాలి. ఆ పని చేసేదే ఎస్సెల్లార్. కటకం వెనుక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. అది వెలుగును పైకి మళ్లిస్తుంది. మీట నొక్కగానే అద్దం లేచి ఫిల్ముకు దారి ఇస్తుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో ఈ పద్ధతిని జర్మనీవారి ఎగ్జాక్టా 1936లో ప్రసిద్ధం చేసింది. 1949లో వచ్చిన కాంటాక్స్ ఎస్‌లో పెంటాప్రిజం అనే గాజుదిమ్మ చేరి కుడి ఎడమలను కూడా సరిచేసింది. కెమెరా నెత్తిన గోపురంలా కనిపించే మూపురం దానిదే. 1959లో నికాన్ ఎఫ్ ఫొటోలో పడే దృశ్యాన్ని నూటికి నూరు శాతం చూపించింది. 1972లో వచ్చిన ఒలింపస్ ఓఎమ్-1 కిటికీ ఎంత విశాలమంటే, ఇవాళ చూసినా ఆశ్చర్యం కలుగుతుంది.

డిజిటల్ వచ్చాక

నికాన్ ఎఫ్3 ఒడలికే ఎలక్ట్రానిక్ ఫలకం అమర్చి కోడక్ వారు 1991లో తొలి డిజిటల్ ఎస్సెల్లార్‌ను అమ్మకానికి పెట్టారు. 2003లో కానన్ 300డి రాకతో ధర సామాన్యుని వైపు దిగింది. ధరతోపాటు కిటికీ కూడా కుంచించుకుపోయింది. అందుకు కారణాలు రెండు. ఫిల్ముకన్నా ఎలక్ట్రానిక్ ఫలకం చిన్నది. ఖర్చు, బరువు తగ్గించడానికి గాజుదిమ్మ బదులు బోలుగా ఉన్న అద్దాల పెట్టె పెట్టారు. దీనిని పెంటామిర్రర్ అంటారు. అందులో ఒక్కొక్క పరావర్తనానికీ కొంత వెలుగు పోతుంది.

ప్రకటనలలోని అంకెలను యథాతథంగా నమ్మరాదు. నికాన్ డి40 కిటికీ 0.8 రెట్లు, డి200ది 0.94 రెట్లు అని ఉంటుంది. ఫలకం చిన్నది కనుక వాటిని 1.5తో భాగించాలి. అప్పుడు 0.53, 0.63 మిగులుతాయి. ఫిల్మంత ఫలకం ఉన్న కానన్ 5డి ప్రకటనలో 0.71 అని చిన్న అంకె ఉన్నా నిజానికి అదే పెద్దది. ఓఎమ్-1ది 0.92!

2009లో మిత్రులతో శ్రీకాళహస్తి వెళ్లినప్పుడు మా అబ్బాయి డి40ని, ఒక మిత్రుని డి200ను రాజగోపురం ఎదుట పక్కపక్కన పెట్టి చూశాను. డి200లో పై అంతస్తు బొమ్మలు విడివిడిగా తెలిశాయి. డి40లో, అందులోనూ సందెవేళ, అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. రెండూ 95 శాతమే చూపిస్తాయి. పొడవూ వెడల్పూ లెక్కవేస్తే వైశాల్యంలో సుమారు 90 శాతమే. కిటికీలో కనబడని కరెంటు తీగలు ఇంటికి వచ్చాక ఫొటో అంచున ప్రత్యక్షమయ్యాయి. ఫిల్ము రోజులలో ప్రింటు వేసేటప్పుడు అంచులు ఎలాగూ తెగేవి కనుక ఈ లోటు తెలిసేది కాదు.

1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన ఆ గోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది. పాత గోపురాన్ని మన మనుమలకు చూపించడానికి మిగిలినవి ఫొటోలే. తీసేటప్పుడు సరిగా చూసి తీయడం ఎంత విలువైన పనో నాకు ఆనాడు తెలిసివచ్చింది.

పెన్షను డబ్బుకు ఏది తగును?

ఇప్పుడు తయారీదారులు చాలావరకు అద్దంలేని కెమెరాల వైపు మళ్లారు. వాటి కిటికీలో కనబడేది చిన్న టీవీ తెర. పాత ఎస్సెల్లార్లు సెకండ్ హ్యాండులో దొరుకుతాయి. కొనేవారు ఈ నాలుగు విషయాలు చూసుకోవాలి.

1. గాజుదిమ్మ ఉన్నదా, అద్దాల పెట్టెనా? నికాన్ డి90, డి7000, పెంటాక్స్ కె-30లలో గాజుదిమ్మ ఉంది. చివరి రెండూ నూరు శాతం చూపిస్తాయి. మధ్యతరగతి కెమెరాలలో ఇవి డబ్బుకు తగిన విలువ చేసేవని నా అభిప్రాయం. పెంటాక్స్ కొనేముందు మరమ్మతు సౌకర్యం విచారించాలి.

2. కళ్లజోడుతోనే చూసినప్పుడు నాలుగు మూలలూ కనబడుతున్నాయా?

3. కిటికీ పక్కనున్న చిన్న చక్రం తిప్పితే లోపలి అంకెలు స్పష్టమవుతున్నాయా? మన చూపుకు సరిపెట్టడానికి పెట్టినదే అది.

4. కిటికీ మసకగా ఉంటే కెమెరాను మార్చేముందు కటకం మార్చి చూడండి. 50 మి.మీ., ఎఫ్ 1.8 కటకం వెలుగును ఎక్కువగా లోపలికి తెస్తుంది. డి40 వంటి వాటిలో మోటారు ఉండదు. కనుక ఆటోఫోకస్ పనిచేసే రకమేదో అడిగి తీసుకోండి.

సభ్యులకు చివరిగా ఒక మనవి. మీ ఇళ్లలో పాత గుళ్లు, చెరువులు, వీథుల ఫొటోలు ఉంటే వాటి వెనుక ఊరి పేరు, సంవత్సరం పెన్సిలుతో వ్రాసి ఉంచండి. తీసినవారికి గుర్తుండగానే ఆ పని జరగాలి.