చేపల పులుసు మీల్స్‌లో చేప ఏది? ఒక రూక భోజనం కథ

పోయిన చలికాలం ఫ్లెమింగోలు చూద్దామని సూళ్లూరుపేట మీదుగా పులికాట్‌కి వెళ్లాను. దారిలో ఒక హోటల్ బోర్డు: "చేపల పులుసు మీల్స్". రేటు చూసి కూర్చున్నా. అన్నం వచ్చింది, పులుసు గిన్నె వచ్చింది. గరిటె పెట్టి ఎంత వెతికినా ముక్క లేదు! అడిగితే, "పులుసు అనే కదా సార్ రాసింది, ముక్క వేరే" అన్నారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఆ మాట విని జేబులో డబ్బులు లెక్కపెట్టుకున్నాడు. ఏమీ అడక్కుండా పులుసుతోనే తినేసి వెళ్లిపోయాడు. నాకు కోపం వచ్చింది, ఆయనకి సిగ్గేసింది. బోర్డు మీద ఒక్క మాట తక్కువైనందుకు!

ఇప్పుడు 500 ఏళ్లకు పైగా వెనక్కి వెళ్దాం. "క్రీడాభిరామం" అని ఒక తెలుగు వీథీ నాటకం ఉంది. వినుకొండ వల్లభరాయుడు రాశాడంటారు, కాదు శ్రీనాథుడిదే అని ఇంకొందరి వాదన. అందులో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. అక్కడ లక్ష్మణవజ్ఝల ఇంటి పూటకూళ్ల భోజనం గురించి ఒక పద్యం వస్తుంది. రేటు ఒక రూక. ఆ రూకకి ఏమేం పెడతారో వరసగా ఉంది: మంచి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డ పెరుగు. చూశారా? పంచదార కూడా గుప్పెడు అని లెక్క!

అలాగని ఆ రోజులన్నీ బంగారం అనుకోకండి. పూటకూళ్ల ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులమే చెప్పేది. హోటల్లో అడుగుపెట్టడానికి కులం, మతం అడ్డు రాకూడదని 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకున్నాం. అందరికీ తలుపు తెరుచుకుంది, బోర్డు మీద మాటలే మసకబారాయి.

ఒక మనిషి తినే ఒక పూట భోజనానికి "మీల్స్" అని బహువచనం. "ఫుల్ మీల్స్" అంటే ఒకచోట ఎంతైనా వడ్డిస్తారు, ఇంకోచోట ఒక ప్లేటే. "లిమిటెడ్" అంటే అన్నానికా, కూరకా? "స్పెషల్" అంటే ఒక అప్పడం ఎక్కువా? పెద్ద రెస్టారెంట్లలో చివర్లో సర్వీస్ చార్జ్ కూడా కలిపేవాళ్లు. బిల్లులో దాన్ని దానంతటదే వేయకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది.

అందుకే కూర్చోకముందే మూడు అడగండి: ఇందులో ఏమేం వస్తాయి, మళ్లీ వడ్డిస్తారా, దేనికి వేరే డబ్బులు? అడగడం నామోషీ కాదు. పక్కన పెద్దవాళ్లుంటే వాళ్ల తరఫున కూడా మీరే అడగండి, ఆ రోజు నేను అడగలేదు. మీ ఊరి హోటల్ బోర్డు మీద మిమ్మల్ని తికమక పెట్టిన మాట ఏది? కామెంట్‌లో రాయండి. ఉంటాను మరి.